గంజాం తీరంలో వేటకెళ్ళే ముందు గాలి, అల, పోటు ఎలా చూసుకోవాలి

ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాలపూర్, ఆర్జిపల్లి, మార్కండి, సోనాపూర్ లాంటి పేటల్లో వేటకెళ్ళే ప్రతి ఇంట్లో ఫోన్ చూసి చెప్పే పని ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. బరంపురంలో డిగ్రీ చదివే అబ్బాయో, ఇంటర్ అయిపోయిన చెల్లెలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చుకున్నది ఒడియా, యాప్‌లో చాలా ముక్కలు ఇంగ్లీషు. రాత్రి అన్నాల దగ్గర నాన్నో మావయ్యో "రేపెలా ఉందిరా?" అంటే ఈ మూడింటినీ కలిపి ఒక్క ముక్కలో చెప్పాలి. ఆ చెప్పే మనిషి మీరే అయితే ఇది మీ కోసం.

ముందుగా ఒక మాట. ఆకాశం చూసి "బాగుంది" అనేయకండి. మన తీరమంతా ఇసుక ఒడ్డు. పోర్టు తప్పిస్తే అలల నుంచి కాపాడే గోడ దాదాపు లేదు. ఫైబర్ బోటు నేరుగా కెరటాల్లోంచి తోసుకుంటూ పోవాలి, మళ్ళీ వాటిలోంచే రావాలి. నా లెక్కలో నడి సముద్రం కన్నా ఆ వంద రెండొందల గజాలే గండం. అందుకే కింద చెప్పేదంతా "లోపల ఎలా ఉంటుంది" అన్నదాని కన్నా "ఒడ్డు దాటేటప్పుడు ఎలా ఉంటుంది" అన్న దాని చుట్టూనే తిరుగుతుంది.

1. మొదట ఏ నెలలో ఉన్నారో చూడండి

మరబోట్లకి తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. దానికి తోడు ఒడిశాలో తాబేళ్ళని కాపాడడానికి పెట్టిన నిషేధం ఉంది. నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య, దేవి, ధామ్రా నదుల మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర 20 కిలోమీటర్ల లోపు ఇంజన్ బోట్లు వేట చేయకూడదు. రెండూ కలిపి చూస్తే రుషికుల్య చుట్టుపక్కల పేటలకి చేతినిండా పని దొరికేది జూన్ మధ్య నుంచి అక్టోబర్ ఆఖరు దాకా. అంటే సరిగ్గా సముద్రం బాగోని నెలలు. "వానాకాలంలో ఎందుకు వెళ్తారు?" అని బయటివాళ్ళు తేలిగ్గా అడుగుతారు. వెళ్ళక ఏం చేస్తారు మరి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బంగాళాఖాతం వాయవ్య మూలలో అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి పుడతాయి. అవి బాలాసోర్ వైపో బెంగాల్ వైపో తీరం దాటుతున్నాయని మనం నిశ్చింతగా ఉండడానికి లేదు. అల్పపీడనం అక్కడున్నా నైరుతి గాలి బిగిసేది ఇక్కడే. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. గంజాం వాళ్ళకి అక్టోబర్ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1999లో 17, 18 తేదీల్లో గోపాలపూర్ దగ్గర ఒక తుఫాను తీరం దాటితే, అదే నెల 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ వచ్చింది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. దసరా నుంచి కార్తీక పౌర్ణమి దాకా వాతావరణ బులెటిన్ చూడకుండా బోటు దింపకూడదన్నది నా మాట.

2. రెండు వైపుల బులెటిన్లూ చదవండి

ఇది సరిహద్దు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. ఒడిశా తీరానికి హెచ్చరికలు ఇచ్చేది భువనేశ్వర్ వాతావరణ కేంద్రం, ఉత్తరాంధ్రకి ఇచ్చేది విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం. సోనాపూర్ దగ్గర బాహుదా నది కలిసే చోట నుంచి బోటు కాస్త దక్షిణానికి జరిగితే ఇచ్ఛాపురం నీళ్ళు. వల వేసేవాడికి రాష్ట్రం గీత కనిపించదు, గాలికీ కనిపించదు. కాబట్టి రెండూ చూడండి. ఒకటి "వెళ్ళొచ్చు" అని, ఇంకోటి "వెళ్ళొద్దు" అని ఉంటే వద్దన్నదే తీసుకోండి. విశాఖ బులెటిన్ తెలుగులో దొరుకుతుంది కనుక పెద్దవాళ్ళకి చదివి వినిపించడమూ సుళువే.

చదివేటప్పుడు మూడు చోట్ల కన్ను వేయాలి. మొదటిది జారీ చేసిన తేదీ, టైమ్. వాట్సాప్ గ్రూపుల్లో పోయినేడాది తుఫాను బులెటిన్ ఈ ఏడాది తిరగడం మామూలే. తేదీ లేని స్క్రీన్‌షాట్‌ని అసలు లెక్కలోకి తీసుకోకండి. రెండోది మత్స్యకారుల హెచ్చరిక ఏ ప్రాంతానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది. మూడోది గాలి వేగం. గాలి గంటకి 45 కిలోమీటర్లు దాటి వీస్తుందంటే వేటకి వెళ్ళొద్దన్న హెచ్చరిక వస్తుంది. కొన్ని యాప్‌లు వేగాన్ని నాట్‌లలో ఇస్తాయి. ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. 25 నాట్‌లు అని చూసి "పాతికే కదా" అనుకుంటే పొరపాటు, అది 46 కిలోమీటర్ల గాలి.

పేర్లు కూడా ఒకసారి బుర్రలో పెట్టుకోండి. గాలి గంటకి 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను. చిన్న బోటుకి వాయుగుండం చాలు. తుఫానుకి పేరు పెట్టేదాకా ఆగాల్సిన పనిలేదు.

3. అల ఎత్తు ఒక్కటే చూసి ఆగిపోకండి

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. సముద్రం ఎలా ఉండబోతుందో రోజూ చెప్పేది వాళ్ళే. వాళ్ళ వెబ్‌సైట్‌లో, సముద్ర యాప్‌లో మన తీరానికి అల ఎత్తు, అలల వ్యవధి, అవి వచ్చే దిక్కు, గాలి, నీటి ఒరవడి అన్నీ ఉంటాయి. ఎక్కువమంది ఎత్తు చూసి ఫోన్ మూసేస్తారు. అసలు సంగతి ఆ తర్వాతి గడిలో ఉంది.

ఎత్తు గురించి ముందు ఒకటి తెలియాలి. అక్కడ 2 మీటర్లు అని ఉంటే అన్ని అలలూ రెండు మీటర్లే అని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటి సగటు కట్టి చెబుతారు. అంటే చాలా అలలు అంతకన్నా చిన్నవే ఉంటాయి, కానీ ఎప్పుడో ఒకటి దాదాపు రెట్టింపు ఎత్తున వస్తుంది. బోటు తిరగబడేది ఆ ఒక్కదానికే.

ఇక వ్యవధి. ఒక కెరటానికీ దాని వెనక కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లన్నదే వ్యవధి. ఐదారు సెకన్లయితే అది ఇక్కడి గాలి లేపిన అల. గజిబిజిగా ఉంటుంది, బోటుని కుదిపేస్తుంది, గాలి తగ్గితే అదీ తగ్గుతుంది. పద్నాలుగు, పదహారు సెకన్లు అని కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. అది ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన, వేల కిలోమీటర్ల అవతల పుట్టిన ఉబ్బు. లోపల బోటులో కూర్చున్నవాడికి అది పెద్దగా తెలియదు, మెల్లగా లేపి దింపుతుంది. ఒడ్డు దగ్గర నీళ్ళు పలచబడ్డాక అదే అల లేచి, గోడలా నిలబడి విరుగుతుంది. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో ఎండ కాస్తూ, ఆకు కదలకుండా ఉన్న రోజున కూడా ఇలా వస్తుంది. ఇన్‌కాయిస్ దీనికి విడిగా హెచ్చరిక ఇస్తుంది. యాప్‌లో అలర్ట్‌లు ఆఫ్ చేసి ఉంటే ఇప్పుడే ఆన్ చేయండి.

ఇంకో రకంగానూ తెలుస్తుంది. రాత్రి పడుకున్నాక కెరటం మోత వినండి. చిన్న అలలైతే గలగల ఆగకుండా వినిపిస్తుంది. ఉబ్బు ఉంటే ఒక్కో దెబ్బ విడివిడిగా, మధ్యలో నిశ్శబ్దంతో వస్తుంది. పేటలో పెద్దవాళ్ళు మంచం మీద నుంచే "రేపు కష్టం" అనేది ఇది వినే. వాళ్ళు అలా అన్న రాత్రి యాప్‌లో వ్యవధి ఎంత ఉందో చూసి పెట్టుకుంటూ ఉండండి. ఒక సీజన్ గడిచేసరికి మీ చెవికీ అలవాటవుతుంది.

4. పోటు, పాటు టైమ్ తిథితో లెక్కగట్టండి

సముద్రం నీళ్ళు ఎక్కితే పోటు, దిగితే పాటు. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈరోజు పోటు కన్నా రేపటి పోటు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నెట్ లేకపోయినా గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటే లెక్క వేయొచ్చు.

అమావాస్య రోజు మీ ఒడ్డున పోటు నిండిన టైమ్ ఒక్కసారి చూసి రాసుకోండి. ఉదాహరణకి ఉదయం 9 అనుకుందాం. అక్కడి నుంచి తిథికి 50 నిమిషాలు కలుపుతూ పోవాలి. పంచమి నాడు ఐదు యాభైలు, అంటే 4 గంటల 10 నిమిషాలు కలిపితే మధ్యాహ్నం 1.10. దానికి ఆరుంబావు గంటల అటూ ఇటూ పాటు. పౌర్ణమి వచ్చేసరికి టైమ్ మళ్ళీ 9 దగ్గరికే చేరుతుంది, అక్కడి నుంచి లెక్క మొదటికి. పది, ఇరవై నిమిషాలు తేడా వస్తుంది, అష్టమి దగ్గరైతే ఇంకాస్త ఎక్కువే రావచ్చు. కచ్చితంగా కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా పోటు పట్టికలు ఉన్నాయి, ఇన్‌కాయిస్ కూడా ఇస్తుంది.

పెద్ద పోటు అమావాస్య, పౌర్ణమి నాడే అనుకుంటారు కానీ సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, విదియ తదియల్లో ఎక్కువ ఉంటుంది. అష్టమి నవమి దగ్గర నీళ్ళు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు. తీరం వెంట ఉత్తరానికి పోయేకొద్దీ పోటుపాట్ల తేడా పెరుగుతుంది. బాలాసోర్ దగ్గర చాందీపూర్‌లో పాటుకి సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది. అక్కడి వీడియో చూసి మన దగ్గరా అలాగే అనుకోవద్దు.

క్యాలెండర్‌లో కనిపించని సంగతి ఇంకోటి ఉంది. బంగాళాఖాతం నీటి మట్టమే ఏడాది పొడవునా ఒకలా ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో తక్కువ, అక్టోబర్, నవంబర్‌లో ఎక్కువ. అదే అమావాస్య పోటు చైత్రంలో వలలు ఆరేసిన చోటికి రాకపోవచ్చు, కార్తీకంలో వచ్చేస్తుంది. బోటు ఎంత పైకి లాగి పెట్టాలన్నది దీన్నిబట్టి చూసుకోండి. పోడంపేట లాంటి చోట ఊరినే సముద్రం కోసేసింది, ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళాల్సి వచ్చింది. పాత గుర్తులు నమ్మడానికి లేదు.

5. మొగ దాటే టైమ్ ముందే ఖాయం చేసుకోండి

రుషికుల్య మొగలోంచో బాహుదా మొగలోంచో వెళ్ళేవాళ్ళకి ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పాటు తీసేటప్పుడు నది నీళ్ళు బయటికి పరిగెడతాయి, బయటి నుంచి అల లోపలికి వస్తుంది. రెండూ ఎదురెదురు పడిన చోట అల పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. బయట ఒకటిన్నర మీటర్ల అల ఉన్న రోజున మొగలో అంతకన్నా చాలా చెడ్డగా ఉంటుంది. మొగ దాటడానికి మంచి టైమ్ పోటు ఎక్కుతూ నిండబోయే చివరి గంట. నీరు నిలిచిన ఆ కాసేపు కూడా ఫరవాలేదు. సగం పాటు తీశాక వద్దు.

వానాకాలంలో ఈ లెక్క మారుతుంది. పైన కొండల్లో గట్టిగా కురిస్తే నదికి కొత్తనీరు వచ్చి పోటు టైమ్‌లో కూడా బయటికే లాగుతుంది. గంజాం, గజపతి జిల్లాల్లో ఎంత వాన పడిందో ముందురోజు చూడాల్సింది అందుకే. వరద దిగాక ఇసుక దిబ్బ చోటు మారి ఉంటుంది. పోయిన నెల దారి ఈ నెల ఉండదు. పాటు పూర్తిగా తీసిన టైమ్‌లో ఒడ్డున నిలబడి దిబ్బలు ఎక్కడ తేలాయో ఒక ఫొటో తీసుకోండి. బోటు నడిపే సరంగుకి మీరు మాటల్లో చెప్పేదానికన్నా ఆ ఫొటో పనికొస్తుంది.

తిరిగొచ్చే టైమ్ కూడా ఇప్పుడే చూసుకోవాలి. తెల్లవారి నాలుగింటికి పోటు మీద హాయిగా వెళ్ళిపోయి, పదింటికి నిండు పాటులో వచ్చి మొగ బయట ఇరుక్కునేవాళ్ళు ఉన్నారు. అలాంటప్పుడు బయటే లంగరు వేసుకుని పోటు బాగా ఎక్కేదాకా ఆగడం మేలు. ఐసు కరిగితే కరిగింది.

6. తెల్లవారి ఒడ్డున పావుగంట నిలబడండి

ఫోన్ పని అయిపోయింది. ఇక కళ్ళ పని. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, మధ్యలో కాసేపు తగ్గుతాయి. ఒక్క గుంపు చూసి లెక్క కట్టకండి, కనీసం మూడు గుంపులు పోనివ్వండి. ఎన్ని వచ్చాక తగ్గుతున్నాయి, తగ్గినప్పుడు బోటు దాటేంత వ్యవధి ఉందా అన్నది చూడండి. కెరటం నెమ్మదిగా జారుతూ విరిగితే దాటొచ్చు. ఒక్కసారి ముందుకు బోర్లా పడుతూ విరిగితే, అందులోనూ ఒడ్డుకి దగ్గరగా, ఆగండి.

లోపల నీళ్ళ మీద తెల్ల నురగ చుక్కలు అక్కడక్కడా ఉంటే గాలి ఇంకా చేతిలోనే ఉంది. ఎటు చూసినా తెలుపే అయితే గాలి గంటకి 40 కిలోమీటర్ల దగ్గర ఉన్నట్టు. వేట కాదు, స్నానానికి వచ్చిన చుట్టాలతో ఉన్నా ఇదే చూడండి. కెరటాల వరసలో ఒకచోట ఖాళీగా, నున్నగా, బురద రంగులో కనిపిస్తే అక్కడే దిగుదాం అంటారు. అది నీళ్ళు లోపలికి లాగే దారి. ఎవరైనా పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డు వెంట పక్కకి ఈది లాగుడులోంచి బయటపడి అప్పుడు ఒడ్డుకి తిరగాలి.

7. లోపలికి వెళ్ళాక వెనక్కి చూస్తూ ఉండాలి

మార్చి నుంచి మే దాకా కాలబైశాఖి, అంటే ఎండాకాలంలో ఉరుములతో విరుచుకుపడే గాలివాన, వచ్చేది సముద్రం మీద నుంచి కాదు, నేల మీద నుంచి. మధ్యాహ్నం దాటాక వాయవ్యాన, కొండల వైపు నల్లటి మబ్బు పొరలా లేస్తుంది. అందరూ వల వైపు చూస్తుంటే అది వీపు వెనక వస్తుంది. ఎండగా ఉండి గాలి చటుక్కున ఆగిపోయి, ఆ తర్వాత కొండ వైపు నుంచి చల్లటి గాలి తగిలితే వల ఎత్తడానికి కూడా టైమ్ చాలకపోవచ్చు. ఆ గాలి బోటుని లోపలికి తోస్తుంది, ఒడ్డుకి కాదు. పిడుగుల సంగతికి దామిని యాప్ ఉంది. నెట్ అందే దూరంలో ఉన్నంతసేపు అది పనికొస్తుంది. బోటులో ఒక కుర్రాణ్ణి కొండల వైపు చూడమని పెట్టండి.

8. తుఫాను వస్తోందంటే మనం ఏ పక్కనున్నామో తేల్చుకోండి

పోర్టులో ఎగరేసే హెచ్చరిక నంబర్ల విషయంలో చాలా గందరగోళం ఉంది. 1, 2 అంటే వాయుగుండమో తుఫానో దూరంగా ఉంది. 3, 4 అంటే ఈదురుగాలులో తుఫానో పోర్టు దగ్గరికే రావచ్చు. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం, 8, 9, 10 మూడూ ఒకే స్థాయి పెను ప్రమాదం. అంకెల తేడా పోర్టు ఏ పక్కనుందో చెప్పడానికి. 5, 8 అయితే తుఫాను దారికి పోర్టు ఎడమన, 6, 9 అయితే కుడిన, 7, 10 అయితే పోర్టు మీదుగానే లేదా బాగా దగ్గరగా. 11 అంటే సమాచారం తెగిపోయింది.

కుడి పక్క ఎందుకు ముఖ్యమంటే మన దగ్గర తుఫాను సుడి గడియారానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. అది మనకి దక్షిణాన తీరం దాటితే గాలి సముద్రం నుంచి నేల మీదకి కొడుతుంది, నీళ్ళనీ తోసుకొస్తుంది. తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు గంజాం, గజపతి కుడి పక్కన పడ్డాయి. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర దాటినప్పుడు మనం ఎడమన ఉన్నాం, గాలి నేల నుంచి సముద్రం వైపు ఉంది. కరెంటు పోయి ఫోన్ పనిచేయకపోయినా గాలి చెబుతుంది. ఈశాన్యం నుంచి తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతుంటే తుఫాను మన దక్షిణాన పోతోంది. ఈశాన్యం నుంచి ఉత్తరానికి, పడమరకి తిరుగుతుంటే మన ఉత్తరాన పోతోంది. గాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే సుడి నడిబొడ్డు మన మీదే ఉండొచ్చు. బోటు చూసొద్దామని బయటికి రావద్దు, కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా వస్తుంది.

తీరం దాటే టైమ్ బులెటిన్‌లో రాగానే దాన్ని మీ పోటు లెక్క పక్కన పెట్టండి. ఉప్పెన నీళ్ళు పోటు మీద ఎక్కితే ఒక ఎత్తు, పాటు మీద వస్తే ఇంకో ఎత్తు. అయితే తుఫాను చెప్పిన టైమ్‌కే రావాలని లేదు కనుక తుఫాను షెల్టర్‌కి వెళ్ళే విషయంలో పాటు ఉందిలే అని ఆలస్యం చేయొద్దు.

9. బోటు రావాల్సిన టైమ్‌కి రాకపోతే

బోటు దిగేముందే ఇంట్లో ఒక కాగితం రాసి పెట్టండి. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, ఎంతమంది ఉన్నారు, ఏ వైపు ఎంత దూరం వెళ్తామన్నారు, ఎన్ని గంటలకి వస్తామన్నారు, ఇంజన్ ఏది, డీజిల్ ఎంత, ఎవరి ఫోన్ బోటులో ఉంది. చెప్పిన టైమ్‌కి తోడు ఒక పాటు గడిచేదాకా, అంటే మొగ బయట ఆగి ఉంటారేమో అన్నంతసేపు చూడండి. వాతావరణం పాడవుతుంటే అంత కూడా ఆగొద్దు. పేటలో తోటి బోట్లని అడిగి, వెంటనే కోస్ట్‌గార్డ్ 1554కి, మెరైన్ పోలీసుల 1093కి ఫోన్ చేసి ఆ కాగితం చూస్తూ చెప్పండి. హిందీ రాకపోతే ఒడియాలోనో తెలుగులోనో చెప్పండి, నంబర్లు మాత్రం నెమ్మదిగా, రెండుసార్లు. నీటి ఒరవడి ఆ రోజు ఎటు ఉందో ఇన్‌కాయిస్ పేజీలో చూసి అదీ చెప్పండి. మార్చి, ఏప్రిల్‌లో అది సాధారణంగా ఉత్తరానికి పూరీ వైపు, అక్టోబర్ తర్వాత దక్షిణానికి కళింగపట్నం వైపు లాగుతుంది. ఇంజన్ ఆగిన బోటు కొట్టుకుపోయేది అటే కనుక ఆ వైపు పేటల్లో మీకు తెలిసినవాళ్ళకి కూడా ఫోన్ చేయండి.